నడక ఆమెది, కొరడా ఆయనది

గొట్టంలో రక్తం వెచ్చగా వెళ్తోంది... యంత్రం కడిగిన రక్తం తిరిగి వస్తోంది.

మిట్టమధ్యాహ్నం. డయాలసిస్ గది కిటికీ నిండా ఎండ.

గడియారాల మేస్త్రి ఎడమ చేతికి రెండు సూదులు. నాలుగు గంటలపాటు ఆ చెయ్యి కదలకూడదు. అందుకే ఆయన ఆటకు ఒక చెయ్యి తక్కువ.

ఆ చెయ్యి నర్సు ఇచ్చింది.

మంచం మీది బల్లపై అరచేతంత వీడియో ఆటపెట్టె. అందులో కోట. కోట నిండా గబ్బిలాలు. శిఖరాన నెత్తురు తాగే దొర. కొరడాతో ఒంటరి వేటగాడు మెట్లెక్కుతుంటాడు. అతని నడక ఆమె బొటనవేలిది. దూకడం, కొరడా — ఆయనవి.

పని మధ్య దొరికిన ఐదు నిమిషాలే వాళ్ళ వేట.

"దొరే నయం బాబాయ్. మా మిషను వారానికి మూడుసార్లు తాగుతుంది."

"ఇది తాగి తిరిగిచ్చేస్తుంది కదమ్మాయ్. వాడివ్వడు!"

ఆటలో ఆరు వారాలుగా కోట గడియార స్తంభం దగ్గరే చస్తున్నారు. తిరిగే పళ్ళచక్రాలు... నడుమ అగాధం.

"ఎవడు బిగించాడో ఈ చక్రాలు! ఒక్కటీ సరైన వైపు తిరగదు." మేస్త్రి కదా, నోరు ఊరుకోదు.

ఆ రోజు అగాధం అంచుకు చేరారు. వేటగాడికి ప్రాణం ఒక్క గీత మిగిలింది.

"ఉండు... నేను చెప్పగానే..."

చెప్పలేదు.

ఆయన వేళ్ళు జారిపోయాయి. పెదాలు సున్నంలా తెల్లబడ్డాయి.

యంత్రం అరిచింది.

"బాబాయ్! ఇటు చూడండి... బాబాయ్!"

ఆమె మంచం తలవైపు దించింది. కాళ్ళవైపు ఎత్తింది. సెలైన్ వదిలింది. నాడి వెతికింది. రెండు చేతులూ ఆయన మీదే.

రెండు చేతులూ.

ఒక నిమిషం... రెండు...

నాడి చిక్కింది.

ఆయన కళ్ళు తెరిచాడు. చూసింది ఆమెను కాదు — బల్లను.

"దాటించేశావే!"

ఆమె తిరిగి చూసింది.

వేటగాడు అగాధానికి అవతల నిలబడి ఉన్నాడు.

దాటాలంటే రెండు చేతులు కావాలి. ఆయన కుడి చెయ్యి అప్పటిదాకా మంచం పక్కన వేలాడింది. ఆమె చేతుల సంగతి ఆమెకు తెలుసు.

"నువ్వే కదూ?"

ఆయన ముఖంలోకి అప్పుడప్పుడే రంగు వస్తోంది. అది పోవడం ఆమెకు ఇష్టం లేదు.

"నేనే బాబాయ్."

"గట్టిదానివే!" ఆయన నవ్వి కళ్ళు మూసుకున్నాడు.

తెరలో వేటగాడి భుజాలు లేస్తున్నాయి... పడుతున్నాయి. ఎదురుగా దొర గది తలుపు.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంటోంది — మెల్లగా... లోపలి నుంచి.