గిటారులో నాదస్వరం

పుంగనూరు గంగమ్మ జాతరకు వేసిన స్టేజీ మీద మధ్యాహ్నం ఎండలో సౌండ్ టెస్టింగు నడుస్తోంది. దినేష్ గిటారు తీగ మీటాడు. పాటలు పాడే హేమలత రెండు చెవులూ మూసుకుంది.

"దినేషన్నా, ఏందన్నా అది. రేకు మీద మేకు గీకినట్లుండాది."

"బాగానే ఉండాది కదమ్మా."

"నీకు బాగుంటే సాలునా? కింద కుర్చీలేసేవాళ్లను సూడు."

దినేష్ చూశాడు. వాళ్లు మొహాలు చిట్లించుకుని స్పీకర్ల వైపు చూస్తున్నారు. అతను మళ్లీ మీటాడు. అతని చెవికి ఆ శబ్దం మొద్దుగా, కంబళి కప్పినట్టు వినిపిస్తోంది. ఇంకొంచెం పదును పెడదామనే అనుకుంటున్నాడు. కాళ్ల దగ్గరున్న పెట్టె వైపు వంగి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు.

"దీంట్లోకి దుమ్ము పొయినట్లుండాది."

కీబోర్డు వెనక నుంచి గోవిందరాజులు లేచి వచ్చాడు. మదనపల్లెలో ఆ ఆర్కెస్ట్రా నడిపేది ఆయనే. ఆ పెట్టె కొన్నదీ ఆయనే.

"బి.కొత్తకోట పెండ్లిలోనూ దుమ్మే అన్యావు. తంబళ్లపల్లెలోనూ దుమ్మే అన్యావు. ఎంత దుమ్ము తింటాదప్పా ఇది? సూడు, వచ్చే వారం కుప్పంలో ప్రోగ్రాం ఉండాది. ఆ లోపల బాగుచేయించుకో. ఆడగూడా ఇట్లే కూసిందంటే, నిన్ను పర్మనెంటుగా పెట్టుకుంటానన్న మాట మర్చిపో."

దినేష్ కి కావలసింది ఆ పర్మనెంటు ఒక్కటే. మదనపల్లెలో గోవిందరాజులుకు రికార్డింగు గది ఉంది. పెళ్లి పాటలు, ఎలక్షన్ పాటలు, చర్చి పాటలు, ఎవరు ఏం అడిగితే అది చేసిస్తాడు. అందులో నెల జీతానికి కుదిరితే దినేష్ కుప్పం గ్రానైట్ ఫ్యాక్టరీ మానేయవచ్చు. పేరు రావాలనీ, ఫొటో పడాలనీ అతనికి లేదు. ఆ షెడ్డులోకి మళ్లీ అడుగు పెట్టకూడదు, అంతే. అతని నాన్న అక్కడే రాయి కోసి, దగ్గి దగ్గి పోయాడు.

పెట్టె సంగతి చెప్పాలి. వెనకట గిటారు వాయించేవాడు ఒక్కో రకం శబ్దానికి ఒక్కో యాంప్, అంటే శబ్దం పెంచే యంత్రం, మోసుకు తిరగాలి. ఇప్పుడు ఎక్కడో ఎవడో ఖరీదైన యాంప్ ముందు మైకు పెట్టి, అది ఎలా పలుకుతుందో అచ్చు తీసి ఫైలు చేస్తాడు. దాన్ని ప్రొఫైల్ అంటారు. దాన్ని పెట్టెలోకి ఎక్కిస్తే పెట్టె ఆ యాంప్ లాగే పలుకుతుంది. ఆ తర్వాతది చేతి పని. గెయిన్ పెంచితే గొంతు బొంగురుపోతుంది, తగ్గిస్తే తేటపడుతుంది. బేస్ కోస్తే ఒళ్లు తగ్గుతుంది. మిడ్ పెంచితే ముక్కుతో పలుకుతుంది. ట్రెబుల్ పెంచితే పదునెక్కుతుంది. చెవి ఉన్నవాడికి ఒక ప్రొఫైల్ చాలు, దాంట్లోంచి ఎన్ని గొంతులైనా తీస్తాడు.

దినేష్ కి ఇది ఎవరూ నేర్పలేదు. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, పెట్టె ముందు కూర్చుని, తిప్పి తిప్పి నేర్చుకున్నాడు. అలా తిప్పుతుండగా నాదస్వరం టోను దొరికింది. బాగా గెయిన్ ఉన్న ప్రొఫైల్ తీసుకుని, బేస్ కోసేసి, మిడ్ ఎత్తి, తీగను నొక్కి పక్కకు లాగితే గిటారు ఊదినట్టు పలికింది. ఆ అమరికను నొక్కితే వచ్చేలా పెట్టెలోనే దాచిపెట్టాడు. మొదటిసారి జాతరలో అది వాయించినప్పుడు జనం మేళగాడు ఎక్కడున్నాడా అని వెతికారు.

ఆర్కెస్ట్రాలో నాదస్వరం ఊదే నిజమైన మేళగాడు ఉండేవాడు. రామసముద్రం తిమ్మప్ప. ఆ జాతర తర్వాత గోవిందరాజులు అతన్ని ఇక రావద్దన్నాడు. ఒక మనిషి కూలి మిగిలిందని దినేష్ భుజం తట్టాడు. దినేష్ కి సంతోషంగానే అనిపించింది. తిమ్మప్ప ఇప్పుడు మదనపల్లె మార్కెట్లో టమాటా బాక్సులు దించుతున్నాడు.

పుంగనూరు ప్రోగ్రాం అయిన మర్నాడు దినేష్ పెట్టె పట్టుకుని మదనపల్లెలో మైకు సెట్లు బాగుచేసే శ్రీనివాసులు దగ్గరికి వెళ్లాడు. శ్రీనివాసులు మరలు విప్పి లోపలికి చూశాడు.

"యాడుందప్పా దుమ్ము? మా ఇంట్లో దేవుడి గూడు గూడా ఇంత శుభ్రంగా ఉండదు."

"సరిగా సూడన్నా. ట్రెబుల్ పలకలే."

శ్రీనివాసులు మళ్లీ బిగించి, హెడ్‌ఫోను దినేష్ కి పెట్టి, గిటారు మీటమన్నాడు. తను పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడెట్లుండాది?"

"అట్లే ఉండాది."

"ఇప్పుడు?"

"అట్లే. తిప్పు ముందు."

శ్రీనివాసులు చెయ్యి తీసేశాడు. తర్వాత మామూలు కంటే గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"దినేషూ, ట్రెబుల్ ఈ కొన నుంచి ఆ కొనకు తిప్పినానప్పా. రెండు తూర్లు తిప్పినా. పెట్టె బాగుండాది. పొయి చెవులు సూపించుకో."

ప్రభుత్వ ఆసుపత్రిలో చెవుల డాక్టరు చూసి, సన్నటి శబ్దాలు పట్టే నరం పోయిందనీ, ఇక రాదనీ చెప్పాడు. ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పగానే, ఇంకేమీ అడగకుండా కాగితం రాసిచ్చాడు.

కుప్పంలో ఆ షెడ్డులో ప్రతివాడూ ముక్కుకు తువ్వాలు కట్టుకుంటాడు. దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని చిన్నపిల్లకాయలకు కూడా తెలుసు. అందుకే అక్కడ ఏది పాడైనా దుమ్మే. ఫ్యాను నెమ్మదిస్తే దుమ్ము, సెల్లు మూగపోతే దుమ్ము, ఆకలి మందగిస్తే దుమ్ము. చెవి గురించి ఎవడూ చెప్పలేదు. రాయి కోసే చక్రం పొద్దస్తమానం పక్కన అరుస్తూనే ఉంటుంది, దానికి అలవాటుపడటమే మగతనమని చెప్పారు. చెవి పోయేటప్పుడు దగ్గు రాదు, రక్తం పడదు. ఎదుటివాళ్లు గొణుగుతున్నారనిపిస్తుంది. ఇంట్లో పెళ్లాం గొణుగుతోందనిపిస్తుంది. గిటారు మొద్దుబారిందనిపిస్తుంది. మనిషి ట్రెబుల్ పెంచుకుంటూ పోతాడు.

దినేష్ ఆ కాగితం ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు చూపించాడు. చక్రం చప్పుడుకే చెవులు పోయాయన్నాడు. ఆయన చదివి నవ్వాడు.

"నువ్వు గిటారు వాయిస్తావు కదా? స్పీకర్ల పక్కన నిలబడుకోని చెవులు పోగొట్టుకోని, ఫ్యాక్టరీ మీద ఏస్తావా?"

"నెలకి ఒగటో రెండో ప్రోగ్రాములు సార్. ఈడ దినామూ—"

"ఈడ ఇంతమంది ఉండారే, ఎవురన్నా అడిగినారా? నీకొక్కడికే యాల పొయినాయి?"

దినేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అడగని వాళ్లందరికీ చెవులు బాగున్నట్టే లెక్క. దొంగ న్యాయం అంటే ఇదే.

మిగిలింది కుప్పం ప్రోగ్రాం. చెవులు పోయినవాడు టోన్లు కుదర్చలేడు. కుదిర్చే చెవి ఇంకొకటి కావాలి. అది ఎవరి దగ్గరుందో దినేష్ కి తెలుసు. సిగ్గు చంపుకుని రామసముద్రం బస్సెక్కాడు. తిమ్మప్ప వాకిట్లో కూర్చుని కాళ్లకు అంటిన టమాటా రసం కడుక్కుంటున్నాడు.

"రాప్పా రా. నా ఊపిరి ఎత్తుకపొయినాయన వచ్చినాడు."

"తిమ్మప్పన్నా, నా చెవులు పొయినాయి."

"ఏమీ?"

"చెవులన్నా. పొయినాయి. ట్రెబుల్ వినపడదు నాకు."

తిమ్మప్ప చెంబు కింద పెట్టాడు. "నాకు పని పొయింది, నీకు చెవులు పొయినాయి. సరిపాయ. ఇప్పుడేం కావాల?"

దినేష్ చెప్పాడు. తిమ్మప్ప చాలాసేపు తిట్టాడు. తిట్లన్నీ దినేష్ కి సగం సగం వినిపించాయి, అది ఒక మేలు. తిట్టడం అయ్యాక తిమ్మప్ప లోపలికి తీసుకుపోయి చాప వేశాడు. దినేష్ పెట్టెకు చిన్న స్పీకరు తగిలించి నాదస్వరం టోను వాయించాడు.

"ఇదా నాదస్వరం? గొంతు కోస్తాండే కోడి ఇది. తగ్గించు."

దినేష్ తగ్గించాడు.

"ఇంకా. ఇంకా తగ్గించప్పా, నీ చేతికేమన్నా బరువా?"

"నాకేం వినపడలేదన్నా ఇంక."

"నాకు వినపడతాండాది. ఆగు. ఆ ముక్కు గొంతు రవ్వంత పెంచు. ఆ బొంగురు తగ్గించు. మనిషి ఊదితే నోట్లో పెట్టుకునే పీకకు ఎంగిలి తడి ఉంటాది. ఇది ఎండిపొయిండాది."

దినేష్ గెయిన్ తగ్గించి, గదిలో పలికినంత ప్రతిధ్వని కలిపాడు. మళ్లీ తీగ లాగాడు. తిమ్మప్ప వేళ్లు మోకాలి మీద ఒక్కొక్కటే లేచి పడుతున్నాయి, రంధ్రాలు మూస్తున్నట్టు.

"ఆ," అన్నాడు. "ఇది నేనే."

మిగతా టోన్లు కూడా అలాగే కుదిర్చారు. దినేష్ తిప్పాడు, తిమ్మప్ప విన్నాడు. లేచేటప్పుడు దినేష్ అడిగాడు, కుప్పానికి వచ్చి పక్కన కూర్చోమని, శబ్దం ఎక్కువైతే భుజం మీద తట్టమని.

"వస్తా," అన్నాడు తిమ్మప్ప. "నా గొంతు ఎట్ల పలుకుతాదో ఊరికే కూర్చోని నేనెప్పుడు విన్యాను."

దినేష్ నేరుగా గోవిందరాజులు గదికి వెళ్లి వినిపించాడు. ఆయన మొహం విప్పారింది. "అదీ లెక్క. పెట్టె ఈడే పెట్టిపో, కుప్పానికి నేనే తెస్తాలే," అన్నాడు. దినేష్ పెట్టి వచ్చాడు.

కుప్పంలో సాయంత్రం వేళకే జనం నిండిపోయారు. తిమ్మప్ప స్టేజీ అంచున, దినేష్ వెనక, ఇనుప పెట్టె మీద కూర్చున్నాడు. అమ్మవారి పాట వచ్చింది. దినేష్ కి తన గిటారు గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది. వేళ్ల కింద తీగ వణుకు మాత్రం తెలుస్తోంది. కానీ ముందు వరసలో ఒక ముసలామె చేతులెత్తి దండం పెట్టింది. ఇద్దరు ఆడవాళ్లకు పూనకం వచ్చింది. హేమలత పాడుతూనే వెనక్కి తిరిగి నవ్వింది. తిమ్మప్ప కళ్లు మూసుకున్నాడు.

మధ్యలో పాటలు ఆపి నాయకులకు శాలువాలు కప్పుతున్నారు. గోవిందరాజులు కీబోర్డు దగ్గర నుంచి పిలిచాడు. "దినేషూ, తరువాత పాటకు సౌండు రవ్వంత తగ్గించుకో." దినేష్ కదలలేదు. మళ్లీ పిలిచాడు. తిమ్మప్ప భుజం మీద తడితే అప్పుడు తల తిప్పాడు. గోవిందరాజులు అది చూశాడు. లేచి వచ్చాడు.

"తిమ్మప్పా, నువ్వు యాల వచ్చినావు?"

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. ఊరికే చూడటానికి వచ్చానంటే సరిపోయేది. కానీ తిమ్మప్ప చాలాకాలం తర్వాత తన గొంతు తాను విని ఉన్నాడు.

"నీ గిటారాయనకు చెవుల్లేవు. నావి అరువిచ్చినా. ఇందాక పూనకాలొచ్చినాయే, అది నేను కుదిర్చిన టోను."

తన విలువ ఇప్పటికైనా తెలుస్తుందనుకున్నాడు పాపం. గోవిందరాజులు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కోపం కూడా తెచ్చుకోలేదు.

"అట్లనా. మంచిదేలే. టోన్లన్నీ కుదిరిపొయినాయి కదా ఇంక. మదనపల్లెలో కాలేజీ పిల్లోడొకడుండాడు, బాగానే వాయిస్తాడు. నొక్కితే నాదస్వరం. నీ చెవులూ అక్కరలే, ఈయన ఊపిరీ అక్కరలే."

"ఆ టోన్లు నేను చేసినవి సార్," అన్నాడు దినేష్. "మేమిద్దరం చేసినవి."

"పెట్టె నాది. పెట్టెలో ఉండేదీ నాదే."

దినేష్ వంగాడు. నాదస్వరం టోను తెరిచి, తీసేసే బటను నొక్కి పట్టుకున్నాడు. నిజంగా తీసేయాలా అని పెట్టె అడిగింది. అవునని నొక్కాడు. దాని తర్వాతదీ తీసేశాడు. తర్వాతదీ. గోవిందరాజులు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, ఆపలేదు. అన్నీ అయ్యాక తన సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాడు.

"నా దగ్గర పెట్టిపొయినావే, ఆ దినమే దీంట్లోకి ఎత్తిపెట్టినా. జరుగు, మళ్లా ఎక్కిస్తా. మిగిలిన పాటలు వాయించిపో."

దినేష్ గిటారు విసిరేసి దిగిపోయి ఉంటే బాగుండేది. దిగిపోలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి, ఆ రోజు కూలి రావాలి. వాయించాడు. తిమ్మప్ప ఇనుప పెట్టె మీదే కూర్చున్నాడు. అతని చెయ్యి దినేష్ భుజం మీద మళ్లీ పడలేదు. పడాల్సిన అవసరం రాలేదు. టోన్లు అంత సరిగ్గా కుదిరాయి.

సోమవారం దినేష్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. టీ వేళకు అందరూ గేటు ఎదుట మారెమ్మ అంగట్లో గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. తువ్వాళ్లు మెడల్లోకి జారి ఉన్నాయి. దినేష్ సెల్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"అప్పా, దీంట్లో ఈల వస్తాది. మొదట లావుగా వస్తాది, పోను పోను సన్నమవతాది. వినపడేది ఆగిపోతానే చెయ్యెత్తండి."

"ఏందప్పా, మాకు గూడా పాటలు నేర్పుతావా?" అన్నాడు గంగులప్ప. ఆ షెడ్డులో అందరికంటే పాతవాడు. అందరూ నవ్వారు.

దినేష్ నొక్కాడు. ముందు గంగులప్ప చెయ్యి లేచింది. వెంటనే ఇంకో రెండు. తర్వాత బల్ల చుట్టూ ఉన్న చేతులన్నీ లేచాయి. చివరికి దినేష్ కూడా ఎత్తాడు.

"అయిపాయనా?" అని గంగులప్ప టీ అందుకోబోయాడు.

పొయ్యి దగ్గర మారెమ్మ రెండు చెవులూ అరచేతులతో మూసుకుని ఉంది.

"ఆపప్పా దాన్ని," అంది. "చెవుల్లో సూది దించినట్లుండాది."

నవ్వులు ఆగిపోయాయి. ఎత్తిన చేతులు దించడం కూడా కొందరు మర్చిపోయారు. గంగులప్ప సెల్లు వైపు చూశాడు, మారెమ్మ వైపు చూశాడు, మళ్లీ సెల్లు వైపు చూశాడు.

"ఇప్పుడు గూడా మోగతాండాదా అది?"

"మోగతాండాది," అన్నాడు దినేష్. "మనకే వినపడదు."

లోపల సైరను కూసింది. అది మాత్రం అందరికీ వినపడింది. ఒకరిద్దరు అలవాటుగా లేచారు. గంగులప్ప లేవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మళ్లా పెట్టు," అన్నాడు.