కాజా లేని బొమ్మ

ఆ వీధిలో నాలుగు టైలరు షాపులున్నాయి. నాలుగింటి చొక్కాలకీ కాజాలు కుట్టేది ఒక్క మనిషే. అందుకే అందరూ ఆమెను కాజాలక్క అంటారు. గుండీ దూరే కన్నం చుట్టూ ఆమె దారం అల్లిందంటే బట్ట చిరగాలే గానీ కాజా ఊడదు. నోరు మాత్రం కత్తెర. టైలర్లు పని ఇచ్చి, మాట పడకముందే జారుకుంటారు.

తమ్ముడి భార్య పురిట్లోనే పోతే, బిడ్డను పొత్తిళ్లలో అందుకుని మూడేళ్లు పెంచింది. నాలుగు నెలల కిందట తమ్ముడు మళ్లీ పెళ్లి చేసుకుని పిల్లను తీసుకెళ్లాడు. కన్నతండ్రి, కాదనడానికి ఈవిడెవరు? కొత్తావిడ మంచిదేనట. ఆ మాట వింటే కడుపు చల్లబడాలి కదా, మండింది. చెప్పుకుందామంటే ఇంట్లో గోడలు తప్ప ఎవరున్నారు గనక!

"ఆదివారం పాపను తీసుకొస్తానక్కా" అని తమ్ముడు ఫోన్ చేశాడు. నేను దానికి గుర్తున్నానా అని అడగబోయి, "అన్నం సరిగ్గా తింటోందా?" అంది.

షాపుల పని పక్కన పడేసి, వారమంతా గుడ్డ పుస్తకం కుట్టింది. ఒక పేజీలో ఇల్లు, దాని తలుపుకి జిప్పు. ఇంకో దాంట్లో బూటు, దానికి నిజం లేసు. మరో దాంట్లో బస్సు, కిటికీకొక గుండీ. వేలెడంత పిల్ల బొమ్మ చేసి వీపున కాజా కుట్టింది, ఏ గుండీకైనా తగిలించుకోవచ్చు. ఇంటి లోపల కళ్లజోడు పెట్టుకున్న అత్త బొమ్మ. అది ఎక్కడ పోతుందోనని చుట్టూ గట్టిగా కుట్టేసింది.

ఆదివారం పిల్ల వచ్చింది. వచ్చి తండ్రి కాళ్ల వెనక దాక్కుంది. ఎంత పిలిచినా రాలేదు. చివరికి పుస్తకం చూసి కింద కూర్చుని జిప్పు లాగింది.

"అత్త!" అంది బొమ్మను చూసి. కాజాలక్క కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

పిల్ల తన బొమ్మను బస్సెక్కించింది. అత్త బొమ్మను లాగింది, రాలేదు.

"నాన్నా, అత్త రావట్లేదు."

"కుట్టేసిందమ్మా, రాదు."

"నా పక్కన కూర్చోవాలి! రా అత్తా!"

దీపం కిందే చీకటి. వీధి మొత్తానికి కాజాలు కుట్టే మనిషి తన బొమ్మకి ఒక్కటి కుట్టుకోలేదు. గబగబా కత్తెర మొనతో కుట్లు విప్పింది.

"పది నిమిషాలు ఆగరా, కాజా కుట్టేస్తాను."

"మళ్లీ వచ్చినప్పుడు కుడుదువులే అక్కా. అక్కడ తను ఎదురుచూస్తుంటుంది."

పిల్ల అత్త బొమ్మను బస్సు పేజీలో అలాగే పడుకోబెట్టి, పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. "అత్తా, మన బస్సు వెళ్తోంది!" అని అరుస్తూ మెట్లు దిగింది.

కాసేపటికి తలుపు వేయబోతే, మూడో మెట్టు మీద అత్త బొమ్మ బోర్లా పడి ఉంది. కాజాలక్క మలుపు దాకా పరిగెత్తింది. ఎవరూ లేరు.

ఇంటికొచ్చి బొమ్మకి దుమ్ము దులిపి, వీపున కాజా కుట్టింది. జన్మలో అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు. తగిలించి చూద్దామంటే, డబ్బా నిండా గుండీలున్నాయి గానీ పేజీ ఏదీ? షాపు మూటలోంచి ఎవరిదో చొక్కా లాగి, దాని గుండీకి తగిలించింది. ఒకటికి రెండుసార్లు లాగి చూసింది. ఊడలేదు.