ఉన్ని కత్తిరింపు పిలుపు

బావగారి దగ్గర నుంచి కబురు వచ్చిన రోజు నేను గుడారం ముందు కూర్చుని బార్లీ విసురుతున్నాను. వచ్చినవాడు ముక్కూమొహం తెలియని మనిషి. గొర్రెల ఉన్ని కత్తిరింపుకు తమ్ముడు తప్పక రావాలని, విందులో తన పక్కనే కూర్చోవాలని ఎలీదాదు చెప్పి పంపాడట. నా చేతిలో తిరగలి ఆగిపోయింది.

పదకొండేళ్ళ కిందట ఆ ఎలీదాదే మా ఆయన అజ్రీకామును దొంగను చేశాడు. మామగారు పోయి నెల తిరగలేదు. అన్నదమ్ముల పొలాల మధ్య హద్దురాయిని తమ్ముడు జరిపాడని ఊళ్ళోకి వచ్చే గవిని వాకిలి దగ్గర పెద్దల ముందు దేవుని పేరు పెట్టి ప్రమాణం చేశాడు. పెద్దవాడి మాటే చెల్లింది. ఆ తర్వాత బావి దగ్గర నాకు ఎవరూ చేద ఇవ్వలేదు. అత్తగారు సైతం మొహం తిప్పుకుంది. మేము యొర్దాను నది దాటి గిలాదు కొండలకు వచ్చేశాం. అత్తగారు పోయిన సంగతి కూడా ఏడాది తర్వాత ఎవరో బాటసారి చెబితే తెలిసింది.

"పదకొండేళ్ళకి గుర్తొచ్చామా? అందరి చేతుల్లో కత్తెరలుండే రోజే దొరికిందా ఆయనకి పిలవడానికి?" అన్నాను.

వెళ్ళకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మా ఆయన ప్రయాణం కట్టాడు. ఒక్కణ్ణే పంపేది లేదని నేనూ బయల్దేరాను. పిల్లల్ని మా అన్న దగ్గర వదిలాం. మా ఆయన అంగీ కింద కత్తి దోపుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. నా నడికట్టులోనూ ఒకటుందని ఆయనకు చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దెక్కాక చేరాం. పొలం మొదట్లో నలుగురు కొత్త మనుషులు నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఒకడు లోపలికి పరుగెత్తాడు. బావగారు ఎదురొచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. తమ్ముణ్ణి కౌగిలించుకున్నప్పుడు ఆయన చేతులు నడుము దగ్గర ఒక్క క్షణం ఆగాయి. కత్తి తగిలిందని నాకు అర్థమైంది. ఆయన ఏమీ అనకపోయేసరికి మరింత భయం వేసింది.

తోడికోడలు నయరా కాళ్ళకు నీళ్ళిచ్చింది గానీ నా కళ్ళలోకి చూడలేదు. ఏమిటక్కా ఈ హడావిడి అని అడిగితే, అన్నీ ఆయనే చెబుతారులే అంది. ఆమె కొడుకులిద్దరూ చెరో గోడకు ఆనుకుని ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. కాసేపటికి ఊరి పెద్దలు పదిమంది ఒక్కొక్కరే వచ్చి ముంగిట్లో కూర్చున్నారు. అందులో ముగ్గురు ఆనాడు మమ్మల్ని తప్పుపట్టినవాళ్ళే. విందు పేరు చెప్పి రప్పించి మళ్ళీ ఏదో నేరం మోపబోతున్నారనుకున్నాను. గాడిదను ఎక్కడ కట్టారో, గోడ ఎక్కడ పొట్టిగా ఉందో చూసి పెట్టుకున్నాను.

ద్రాక్షారసం పోశారు. మా ఆయన గిన్నెను పెదవులకు తాకించి దింపేశాడు. బావగారు అది గమనించి, ఆ గిన్నెలోదే సగం తాను తాగి తిరిగి ఇచ్చాడు. అప్పటికీ మా ఆయన తాగలేదు.

బావగారు లేచి నిలబడ్డాడు.

"పెద్దలారా, ఆ హద్దురాయి జరిపింది నా తమ్ముడు కాదు, నేనే. నాన్న పోయిన వారానికే ఈ చేతులతో జరిపాను. దేవుడి పేరు పెట్టి మీ ముందు అబద్ధమాడాను."

ఇన్నేళ్ళు దాచి ఇప్పుడెందుకు చెబుతున్నావని ఒక ముసలాయన అడిగాడు. పోయిన కోతల్లో తన పెద్దకొడుకు అదే గవిని దగ్గర నిలబడి, చిన్నవాడు గొర్రెల్ని దొంగిలించాడని ప్రమాణం చేశాడట. వింటుంటే తన గొంతే వినిపించిందట. వాడిది అబద్ధమని ఇంకెవరూ పట్టుకోలేకపోయినా తనకు వెంటనే తెలిసిపోయిందట. అంతవరకు చెప్పి బావగారు తమ్ముడి వైపు తిరిగాడు.

నాకు అప్పుడూ నమ్మకం కుదరలేదు. ఇదీ ఒక ఎత్తేమో అనుకున్నాను.

"అమ్మకి చెప్పావా?" అని అడిగాడు మా ఆయన.

"లేదురా."

"అయితే అమ్మ నన్ను దొంగననుకునే పోయింది."

మా ఆయన లేచి గొర్రెల దొడ్డి వైపు నడిచాడు. నేను గాడిద తాడు విప్పబోతుంటే బావగారు ఆయన వెనకే వెళ్ళడం కనిపించింది. చేతిలో పెద్ద కత్తెర ఉంది. తాడు వదిలేసి పరుగెత్తాను.

దొడ్డిలో కత్తిరించాల్సిన పొట్టేలు ఒక్కటే మిగిలింది. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరిలో ఒకరు పొట్టేలును పట్టుకుంటే ఒకరు కత్తిరించేవాళ్ళట. పట్టుకుంటావా అని బావగారు అడుగుతున్నాడు.

"కత్తెర నాకివ్వు. నువ్వే పట్టుకో," అన్నాడు మా ఆయన.

బావగారు తమ్ముడి మొహంలోకి ఒకసారి చూశాడు. కత్తెర ఇచ్చేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పొట్టేలు కాళ్ళు బిగించి పట్టుకుని మెడ వంచాడు. ఇనుము ఆయన మెడకు జానెడు దూరంలో ఆడుతోంది. నాలుగు రోజులుగా మా ఆయన ప్రాణం గురించి వణికిన నాకు, అప్పుడు బావగారి ప్రాణం గురించి వణుకు పుట్టింది. వద్దయ్యా అనబోతూ ఒక అడుగు ముందుకేశాను.

మా ఆయన కత్తిరించడం మొదలుపెట్టాడు. రెండుచోట్ల కత్తెర జారి పొట్టేలుకు గాట్లు పడ్డాయి. కళ్ళ నీళ్ళు ఉన్ని మీద పడుతున్నా ఆపలేదు. పూర్తయ్యాక కత్తెర దూరంగా విసిరేశాడు.

"అయిపోయింది. వదిలెయ్ అన్నా," అన్నాడు.

బావగారు పొట్టేలును వదిలాడు కానీ లేవలేకపోయాడు. మా ఆయనే చెయ్యిచ్చి లేపాడు.

మర్నాడు ఇద్దరూ అత్తగారి సమాధి దగ్గరకు వెళ్ళారు. పెద్దలకు చెప్పిందంతా అక్కడ అన్న చేత పెద్దగా చెప్పించాడట మా ఆయన. తర్వాత పెద్దలు వచ్చి హద్దురాయిని పాత చోట నాటారు. మా వాటా పొలాన్ని మా ఆయన, అన్నగారి చిన్నకొడుక్కి సాగుకిచ్చాడు. పెద్దకొడుకు మూడేళ్ళు తమ్ముడి అరక తోలాలని షరతు పెట్టాడు. ఆ పిల్లలిద్దరూ మొదటి ఏడాది మాట్లాడుకోకుండానే దున్నారని విన్నాం.

మేము గిలాదుకే తిరిగి వచ్చాం. బావగారు ఇప్పుడు ఏటా వచ్చి వారం రోజులుండి వెళతాడు. ఆయన వచ్చినప్పుడు నేను నడికట్టులో కత్తి పెట్టుకోవడం మానడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.