వెనక పొలంలో పంతొమ్మిది కార్లు

క్లెమ్ బెబ్ తుంటి ఎముక విరగ్గొట్టుకున్నది కూడా ఆ కార్ల మధ్యే. అక్టోబరు వానకి నానిన గడ్డి మీద నిలబడి, ఒక పాత ఆస్టిన్ టాపు మీదికి రేకు లాగబోయి జర్రున జారిపడ్డాడు. అరవై ఆరేళ్ల మనిషి. లేవలేక, కేకేసినా వినేవాళ్లు లేక గంటకు పైగా అక్కడే పడున్నాడు. టీ వేళకి రాలేదేమిటా అని వెతుక్కుంటూ వచ్చిన చెల్లెలు మ్యూరియల్ కంటపడ్డాడు.

"ప్రాణం ఉందా, పోయిందా?" అంది మ్యూరియల్. మాట కరుకే గానీ, అప్పటికే తన శాలువా తీసి అతని మీద కప్పుతోంది.

"ఉంది. ముందు ఆ రేకు ఎగిరిపోకుండా రాయి పెట్టు. సీట్లు తడుస్తాయి," అన్నాడు క్లెమ్.

అదీ ఆ మనిషి వరస.

ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కొండల్లో, ఇంకాస్త పడమరకి నడిస్తే వేల్స్ వచ్చేచోట, ఆ ఇద్దరికీ నలభై ఎకరాల ఏటవాలు పొలం, ఒక గొర్రెల మంద, తాతలనాటి రాతి ఇల్లు ఉన్నాయి. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. గొర్రెలూ కోళ్లూ మ్యూరియల్ చూసుకునేది. క్లెమ్ కొట్టం పక్కన రేకుల షెడ్డు వేసుకుని చుట్టుపక్కల ఊళ్ల కార్లకి మరమ్మతులు చేసేవాడు. కారుకైనా ఆయుష్షు తీరక మానదు కదా. ఏటేటా జరిగే సర్కారు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పుతుంది, లేదా నడిపే మనిషే పోతాడు. అప్పుడు ఇంటివాళ్లు క్లెమ్ దగ్గరికొచ్చి, "తుక్కుకి వెయ్యడానికి చేతులు రావట్లేదు క్లెమ్. నీ దగ్గరుంచు, తీరిక దొరికినప్పుడు బాగుచేద్దువుగాని," అనేవాళ్లు. కాదనడం క్లెమ్‌కి చేతకాదు. తీరిక ఏనాడూ దొరకలేదు.

అలా ముప్ఫై మూడేళ్లలో పంతొమ్మిది చేరాయి. డాక్టరు గారి రోవరు, మంత్రసాని మిస్ టజ్ నడిపిన మోరిస్ మైనర్, బడిపంతులు గారి హిల్‌మన్, పాదిరీ గారి ఆస్టిన్. అడుగు రేకుల్ని తుప్పు తినేసిన కార్లలోంచి దురదగొండి మొక్కలు పైకి మొలిచాయి. అద్దాల అంచున నాచు పట్టింది. ఒకప్పుడు ఆదివారం ఆదివారం తుడిచి మెరిపించిన నల్లరంగు పొరలు పొరలుగా లేచి, కింద టీ డికాషన్ రంగులో తుప్పు కనపడుతోంది. క్లెమ్ కంటికి మాత్రం అవన్నీ కాస్త ఒంట్లో బాగుండక పడుకున్న పెద్దమనుషులే.

"ఇంటి కప్పు కారుతోంటే బకెట్టు పెట్టమంటావు, కార్ల కప్పులకి మాత్రం రేకులు కప్పుతావు," అని మ్యూరియల్ ఏళ్ల తరబడి దెప్పేది. ఆ పొలంలోకి మొదటి వరస దాటి ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు.

క్లెమ్ ఆస్పత్రిలో ఉండగానే కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంజన్ల నూనె వాగులోకి దిగుతోందట. నవంబరు ఆఖరికల్లా పొలం ఖాళీ చెయ్యాలి. సొంతానికి రెండు కార్లు మాత్రం కొట్టంలో, సిమెంటు నేల మీద ఉంచుకోవచ్చు. మ్యూరియల్ ఆ ఉత్తరం పట్టుకుని బస్సెక్కి ష్రూస్‌బరీ ఆస్పత్రికి వెళ్లింది. మంచం పక్కన కూర్చుని చదివి వినిపించింది. క్లెమ్ ఉత్తరం లాక్కుని తనూ చదివాడు.

"రెండేనా?"

"రెండే. అదీ వాళ్ల దయ."

"సరే, తుక్కు వ్యాపారం లెన్ ప్రోబర్ట్‌ని పిలువు. వాడైతే కాస్త మర్యాదగా తీసుకెళ్తాడు. మొదటి వరసలోని వూల్జ్‌లీ కారు మాత్రం ఉంచు, అది నాకు. రెండోది నీ ఇష్టం."

"నాకెందుకయ్యా ఆ డొక్కులు?"

"నీ వంతు నీది, అంతే." క్లెమ్ దుప్పటి సర్దుకున్నాడు. "ఇంకోమాట, మ్యూ. ముళ్లకంచె వైపు చివర్లో ఉన్నదాని దగ్గరికి నువ్వెళ్లకు. లెన్‌ని వెళ్లమను. అక్కడ కందిరీగలున్నాయి."

"నవంబర్లో కందిరీగలా?"

"మొండి జాతి," అన్నాడు క్లెమ్, కళ్లు మూసుకుని.

ఇంటికొచ్చాక మ్యూరియల్ ఫోను దగ్గర కూర్చుంది. ఎన్ని తిట్టుకున్నా, అవి ఊళ్లోవాళ్ల కార్లు. చెప్పకుండా పంపేస్తే బాగుండదు. ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి, "శనివారం రండి. కావలసినవేమైనా ఉంటే తీసుకోండి, లేకపోతే ఒకసారి చూసుకుని వెళ్లండి," అని చెప్పింది. నలుగురో ఐదుగురో వస్తారనుకుంది. శనివారం పొద్దున పదికల్లా పొలంలో ముప్ఫై మంది ఉన్నారు.

ఫ్లాస్కులు తెచ్చుకున్నారు, కేకులు తెచ్చుకున్నారు. బడిపంతులు గారి కూతుళ్లిద్దరూ జుట్టు నెరిసినవాళ్లే. హిల్‌మన్ వెనక సీటులో కూర్చుని, కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని చిన్నప్పటి తగువు మళ్లీ మొదలెట్టారు. డాక్టరు గారి కొడుకు రోవరు స్టీరింగు పట్టుకుని కదలకుండా చాలాసేపు కూర్చున్నాడు, ఎవరూ పలకరించలేదు. ఒక లావుపాటి పెద్దాయన మోరిస్ మైనర్ బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "నేను పుట్టిన రాత్రి మంచులో నాలుగు మైళ్లు వచ్చింది ఇది. అమ్మ చెప్పేది," అన్నాడు. దాన్ని పదేపదే తట్టాడు, ముసలి గుర్రాన్ని తట్టినట్టు.

ఎనభై దాటిన మిసెస్ గిటిన్స్ ఒంటరిగా బస్సులో వచ్చింది. ఆవిడ భర్త ఆర్థర్‌ది బూడిదరంగు స్టాండర్డ్ వాన్‌గార్డ్. మ్యూరియల్ తలుపు లాగి తెరిచి, సీటు మీద ఎలుకల గూడు దులిపి, గోనెపట్టా పరిచింది. మిసెస్ గిటిన్స్ డ్రైవరు పక్క సీటులో కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, గుడ్డు శాండ్‌విచ్ విప్పింది.

"మీరు డ్రైవరు సీట్లో కూర్చోవచ్చు కదండీ, అది కాస్త గట్టిగా ఉంది," అంది మ్యూరియల్.

"అది ఆర్థర్ చోటు. నాది ఇదే." ఆవిడ ఒక ముక్క కొరికి నమిలింది. "ఏటా ఒకసారి అబెరిస్ట్విత్ వెళ్లేవాళ్లం. సముద్రానికి ఎదురుగా కారాపి ఇలాగే తినేవాళ్లం. వాన పడితే దిగేవాళ్లమే కాదు. ఎప్పుడూ వానే పడేదమ్మా."

"విసుగు పుట్టేది కాదా?"

"విసుగా! ఇంట్లో నోరు విప్పని మనిషి ఇందులో కూర్చుంటే మాట్లాడేవాడు. ఎదురుగా చూడక్కర్లేదు కదా, ఇద్దరం సముద్రాన్నే చూస్తుంటాం. ఆయన చెప్పిన మంచి మాటలన్నీ ఇక్కడ చెప్పినవే."

మధ్యాహ్నం రెండయింది. అందరూ వెళ్లారు, ఆవిడ లేవలేదు. "మూడున్నర బస్సుకి వెళ్తాలేమ్మా, ఇంకాసేపు," అంది. ఆవిణ్ణి తొందరపెట్టడం ఇష్టంలేక మ్యూరియల్ అలా పొలం చివరిదాకా నడిచింది. కందిరీగల మాట మనసులో మెదులుతూనే ఉంది.

ముళ్లకంచెలోకి ముక్కు పెట్టి, సగం తీగల్లో కూరుకుపోయి ఒక చిన్న కారుంది. మ్యూరియల్ కొమ్మలు పక్కకి లాగింది. లేతాకుపచ్చ రంగు. రైలీ కంపెనీది. ఎడమ తలుపు కింద అరచేతి వెడల్పున సొట్ట. ఆ సొట్ట ఎలా పడిందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. డ్రైవింగ్ నేర్చుకుంటూ గేటు స్తంభానికి రాసింది తనే.

పశువుల దాణా కంపెనీ తరఫున ఊరూరా తిరిగే రేమండ్ ఓక్లీ కారు అది. అరవై ఒకటిలో జూన్ మొదటి శనివారానికి అతనితో మ్యూరియల్ పెళ్లికి ముహూర్తం అనుకున్నారు. ఏప్రిల్లో ఒక ఉత్తరం వచ్చింది. తను ఆస్ట్రేలియా వెళ్లే ఓడ ఎక్కుతున్నాననీ, క్షమించమనీ, పేజీన్నర. అప్పుడామెకి ఇరవై ఏడేళ్లు. కొన్నాళ్లకి ఊరు మర్చిపోయింది. ఆవిడా మర్చిపోయానని చెప్పుకుంది. కారేమైందో ఎప్పుడూ అడగలేదు, కారుతోపాటే పోయాడనుకుంది.

తలుపు కష్టంగా తెరుచుకుంది. ఎర్రతోలు సీటు పగిలి గడ్డి మొలిచింది. కూర్చుని స్టీరింగు పట్టుకుంది. విచిత్రం, రేమండ్ మొహం సరిగ్గా గుర్తు రాలేదు. కొండ ఎక్కుతుంటే గేరు మారినప్పుడు ఆ కారు మూలిగే చప్పుడు మాత్రం చెవుల్లో స్పష్టంగా వినిపించింది. తను నవ్విన నవ్వూ వినిపించింది. ఆ తర్వాత పుట్టెడు కోపం వచ్చింది. క్లెమ్‌కి అంతా ముందే తెలుసన్నమాట!

మిసెస్ గిటిన్స్‌ని బస్సెక్కించింది గానీ ఏం మాట్లాడిందో ఆవిడకే తెలియదు. మర్నాడు ఆదివారం, చూడ్డానికి రానిచ్చే వేళకి పది నిమిషాల ముందే ఆస్పత్రి గుమ్మంలో ఉంది.

"చూశాను కందిరీగల్ని," అంది, కోటు కూడా విప్పకుండా.

క్లెమ్ దిండు మీంచి తల ఎత్తాడు. "వెళ్లొద్దన్నానుగా."

"నీకు తెలుసు. వాడు వెళ్లిపోతున్నాడని నీకు తెలిసీ నాకు చెప్పలేదు. ముప్ఫై మూడేళ్లు ఒకే బల్ల దగ్గర తిన్నాం."

పక్క మంచం ముసలాయన పత్రిక చాటున మొహం దాచుకున్నాడు.

"ఆ ఏప్రిల్లో ఒక మంగళవారం వచ్చాడు," అన్నాడు క్లెమ్ మెల్లిగా. "నువ్వు గుడ్లమ్మడానికి లడ్లో సంతకి వెళ్లావు. కారు కొంటావా అన్నాడు. ఎందుకురా అంటే చెప్పాడు. కాలర్ పట్టుకున్నాను, మ్యూ. ఆ పిల్ల మొహం చూసి చెప్పి పో అన్నాను. ఏడ్చాడు. ఉత్తరం రాస్తానన్నాడు. ఏడ్చేవాణ్ని ఎలా కొట్టేది?"

"మరి నేనొచ్చాక నువ్వు చెప్పాల్సింది."

"చెప్దామనే గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు కర్టెన్ల గుడ్డ కొనుక్కొచ్చావు. పసుపుపచ్చ పూలది. గాలికి పట్టుకుని చూపించావు." క్లెమ్ దుప్పటి అంచు మడత పెట్టాడు. "నా వల్ల కాలేదు. తప్పే. కాదనను."

మ్యూరియల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "కారెందుకు కొన్నావు?"

"నేను కొనకపోతే మాంసం కొట్టు ఫిల్పాట్ కొడుకు కొనేవాడు. వాడు వారానికి రెండుసార్లు మన గేటు ముందు నుంచే పోయేవాడుగా. ఆ చప్పుడు నీకు తెలుసు. వాడొచ్చినప్పుడల్లా నువ్వు తల ఎత్తి చూస్తావు. వారానికి రెండుసార్లు. అది నేను చూడలేననిపించింది. అందుకే కొని, చీకటి పడ్డాక తోసుకెళ్లి కంచెలో పెట్టాను."

మ్యూరియల్ కోటు గుండీలు విప్పింది. తన కోసం కొన్నదే ఆ పొలంలో మొదటి కారు అని అప్పుడు తట్టింది. అది ఒంటరిగా ఉంటే కంటపడుతుందనేమో, దాని ముందు మిగతావి చేరాయి.

"తుక్కుకి వెయ్యాల్సింది," అంది చివరికి.

"మంచి బండి, మ్యూ. అది చేసిన తప్పేముంది?"

మ్యూరియల్‌కి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది. "నవంబర్లో కందిరీగలట! ఇంకాస్త మంచి అబద్ధం దొరకలేదూ?"

"తుంటి విరిగినవాణ్ని, ఆ క్షణంలో అదే తోచింది," అన్నాడు క్లెమ్.

ఆవిడ దువ్వెన తీసి అతని జుట్టు సరిచేసింది. చిన్నప్పుడు అమ్మ పోయాక అతను ఆవిడకి దువ్వేవాడు. తను అతనికి అలా ఎప్పుడూ చెయ్యలేదు.

మంగళవారం లెన్ ప్రోబర్ట్ లారీ తెచ్చాడు. రెండు రోజులు పట్టింది. చివరికి కంచెలోంచి రైలీని లాగారు. తీగలు చిటపట తెగాయి.

"దీన్ని నలిపెయ్యను," అన్నాడు లెన్. "లడ్లోలో ఒకాయన సరిగ్గా ఇలాంటిదే బాగుచేస్తున్నాడు. తలుపులు, గేరుపెట్టె, దీపాలు దొరక్క తిరుగుతున్నాడు. ఇవ్వమంటారా, లేక మీరే ఉంచుకుంటారా మిస్ బెబ్? ఇంకొకటి ఉంచుకోవచ్చటగా."

మ్యూరియల్ ఆ ఆకుపచ్చ టాపు మీద ఆకులు దులిపింది. "ఆయనకే ఇవ్వు. రోడ్డెక్కనీ. నా వంతుకి ఆ వాన్‌గార్డ్‌ని కొట్టంలో పెట్టు."

"అది గిటిన్స్‌గారిది కదా?"

"అవును. ఆవిడకి ఇల్లు చిన్నది. ఇక్కడికే వచ్చి కూర్చుంటుంది."

క్లెమ్ క్రిస్మస్ ముందు వారం చేతికర్రతో ఇంటికొచ్చాడు. ముందు పొలంలోకే వెళ్తానన్నాడు. మ్యూరియల్ చెయ్యి ఆసరా ఇచ్చింది. కార్లున్నచోట గడ్డి తెల్లగా పాలిపోయి, పచ్చటి పొలంలో దీర్ఘచతురస్రాలు మిగిలాయి. అతను ఒక్కొక్కదాని ముందూ ఆగి పేరు చెప్పాడు. రెండుచోట్ల తప్పు చెబితే ఆవిడ సరిదిద్దింది. కంచె దగ్గర ఇద్దరూ కాసేపు నిలబడ్డారు.

"వెలితిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది. నీకు?"

"గొర్రెలకి మేత బాగా దొరుకుతుంది," అంది మ్యూరియల్. అతని మోచేతిని మాత్రం వదల్లేదు.

గురువారం మిసెస్ గిటిన్స్ అల్లం కేకుతో వచ్చింది. వాన్‌గార్డ్‌లో తన చోట కూర్చుని, రెండు నిమిషాల్లో అద్దం దించి కేకేసింది.

"క్లెమెంట్! దీన్ని గోడకేసి పెట్టారేమిటి? మా ఆర్థర్ ఎప్పుడూ గోడకి ఎదురుగా ఆపలేదు!"

క్లెమ్ డ్రైవరు సీటు తలుపు దగ్గరికి వెళ్లి, "నేనిక్కడ కూర్చోవచ్చాండీ?" అని అడిగాడు.

ఆవిడ కాస్త ఆలోచించింది. "కారు ఇటు తిప్పేదాకా కూర్చో."

మ్యూరియల్ వెళ్లి ట్రాక్టరు తెచ్చింది.