తాత పేరుతో సహా

ఫాస్ఫేటు రైలు పట్టాల మీద ధర్నా గుడారం వేసి ఇరవై మూడు రోజులయింది. గనిలోంచి తీసిన మట్టి కడగడానికి కంపెనీ ఊరి నీళ్ళన్నీ తాగేస్తుంది. మా కుళాయిలకు గాలి మిగులుతుంది. రాజధాని ట్యూనిస్ నుంచి ఒక్క మంత్రీ రాలేదు. పదో రోజుకే గుడారం పలచబడితే, బడిపంతులు మోన్సెఫ్ మా ఇంటికొచ్చాడు.

"హత్తాబ్ బాబాయ్, డోలు పట్టుకురా. నా ఉపన్యాసానికి ఈగలు కూడా రావట్లేదు."

"నెల తిరిగేసరికి జీతమొచ్చే నోరు. దానికి ఈగలెందుకు వస్తాయిరా?"

అన్నానే గానీ వెళ్ళాను.

బడి మానేసిన ఏడు మొదలు పెళ్ళిళ్ళలో డోలు కొడుతున్నాను. కానుక ఇచ్చినవాళ్ళ పేరు, తండ్రి పేరు, తాత పేరు డోలువాడు ఎత్తి అరవాలి. ఒక్కటి మింగినా ఆ ఇంటితో ఏడాదిపాటు మాటలుండవు. గుడారంలోనూ నా నోరు ఆ దారినే పోయింది. గనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న సల్లూహా వేడి రొట్టెలు తెచ్చింది.

"బల్గాసెం మనవరాలు, లజ్‌హర్ కూతురు, మన నెజ్మా తల్లి సల్లూహా తెచ్చిన రొట్టెలు! ఆమె పొయ్యి చల్లారకూడదు!"

ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ పెళ్ళికేకలు పెట్టారు. మర్నాటి నుంచి పేరు కోసం జనం ఎగబడ్డారు. గుడారం నిండింది. కంపెనీ కాపలావాడొకడు రోజూ మా టీ తాగుతూ, ప్రతి పేరూ వింటూ తలూపేవాడు. దరువు నచ్చిందనుకున్నాను.

గురువారం కంపెనీ గోడకు కొత్త ఉద్యోగాల జాబితా అంటించారు. నెజ్మాకు ఖాయమని నెల కిందటే చెప్పిన ఉద్యోగం ఇంకెవరికో పోయింది. నేను పేర్లెత్తి అరిచిన ఇళ్ళ పిల్లల్లో ఒక్కరూ అందులో లేరు.

"కంపెనీవాళ్ళు భయపడ్డారు బాబాయ్. మంచి గుర్తే," అన్నాడు మోన్సెఫ్.

"నీ పేరు నేను పిలవలేదు. అందుకే నీకంత ధైర్యం."

సల్లూహా ఇంటికి వెళ్ళాను. ట్యాంకరు నీళ్ళ డబ్బా దించుతోంది. కూర్చోమనలేదు.

"పిలవకపోతే నువ్వే అలిగేదానివి కదమ్మా," అన్నాను.

"నాలుగు రోజులు అలిగేదాన్ని, అన్నా. నా కూతురు ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసుకునేది."

మర్నాడు డోలు కొట్టాను గానీ నోరు విప్పలేదు. రొట్టెలు, చెంబెడు నూనె తెచ్చినవాళ్ళు కాసేపు నా మూతి వంక చూసి, మొహాలు ముడుచుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఆరుగురం మిగిలాం. అప్పుడొచ్చింది సల్లూహా, వెనకాల నెజ్మా. బుట్టలోని రొట్టెలు చాప మీద పేర్చి నిలబడింది.

"ఏమన్నా, నోరు పడిపోయిందా?"

"వెళ్ళమ్మా. జరిగింది చాలు."

"ఇంకేం మిగిలిందని దాస్తావు? పిలువు. ఊరికే తెచ్చాననుకున్నావా?"

పిలిచాను. తాత పేరు, తండ్రి పేరు, ఆమె పేరు. నెజ్మా తల్లి అనకుండా అక్కడితో ఆపేశాను. వచ్చే ఏడు మళ్ళీ జాబితా వేస్తారు. ఆ పిల్లకింకా పాతికేళ్ళయినా లేవు.

నెజ్మా కదల్లేదు.

"పిండి కలిపింది నేను, మామయ్యా. కాల్చింది నేను."

నేను తల వంచుకుని దరువు మార్చాను. ఆమె నా ఎదుట అలాగే నిలబడింది. తర్వాత, ఊరందరి ముందూ అవమానపడ్డ మనిషిలా, ఖాళీ బుట్ట తీసుకుని పట్టాల వెంట వెళ్ళిపోయింది.