ముందు నేను తిన్న ముక్క

నాకు ముక్కు మీద కోపం ఉన్న మాట నిజమే. కానీ ఆ ముక్కు అబద్ధం చెప్పదని మార్కెట్టంతా ఒప్పుకుంటుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఓడలు బాగుచేసే యార్డు ఒకటుంది. వాళ్ళు మడ్డి ఆయిలు నీళ్ళలోకి వదలడం మొదలుపెట్టాక మా చేపలవాళ్ళందరికీ గడ్డుకాలం వచ్చింది. ఆయిలు పట్టిన చేపను పచ్చిగా ఉండగా కనిపెట్టడం కష్టం. మొప్పలు ఎర్రగానే ఉంటాయి, కళ్ళు మెరుస్తూనే ఉంటాయి. పొయ్యెక్కాకే దాని గుట్టు బయటపడుతుంది, ఇల్లంతా కిరసనాయిలు కంపు. కొన్నవాళ్ళు కూరగిన్నె తెచ్చి మా బల్ల మీద బోర్లించి పోయేవాళ్ళు.

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రోజూ అమ్మకం మొదలయ్యే ముందు ఒక చేప కోసి, ఉప్పూ కారం లేకుండా ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి, అందరూ చూస్తుండగా తింటాను. ఆ తర్వాతే తక్కెడ ముట్టుకుంటాను. పక్క బల్ల మీద రొయ్యలమ్మే ముసలాయన "నీకు పథ్యం, మాకు వినోదం" అని ఎగతాళి చేసేవాడు. చేస్తే చేయనీ. ఆయన బల్ల దగ్గర ఈగలు, నా బల్ల దగ్గర మనుషులు.

చేపలు తెచ్చేది నా తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి ఊహ కూడా తెలియదు, నేనే చంకనేసుకుని పెంచాను. మొగ దాటి సముద్రంలోకి పోయి వల వేస్తున్నానని చెప్పేవాడు. బుట్ట దించగానే పైనున్న చేపొకటి తీసి నా చేతికిచ్చేవాడు, నేను కోసేదాన్ని. ఏది కోస్తేనేం, అన్నీ ఒక వలలోవే కదా అనుకునేదాన్ని. కూర కాస్త కంపొచ్చిందని ఎవరైనా అంటే, నేను తిన్నది చూశారుగా, అది మీ కిరసనాయిలు స్టవ్వుదే అనేదాన్ని, వాళ్ళూ నమ్మేవాళ్ళు.

ఆ రోజు వాడు బుట్ట దించి ఐసు కోసం వెళ్ళాడు. అంతలో టైలరమ్మ వచ్చింది. ఆమె కూతురు కడుపుతో ఉంది. చేపలు పెట్టమని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ నా దగ్గర తప్ప ఇంకెక్కడా కొనదు. మిషను మీద బట్ట వదిలేసి వచ్చానంటూ, బుట్ట అడుగు నుంచి తనకు నచ్చిన చేపను తనే లాగి, కోసిమ్మంది. నేను తినందే అమ్మనని తెలుసుగా, ఆగమన్నాను. ఆమె తొందర చూసి, దాని తోక ముక్కనే గిన్నెలో వేశాను.

నీళ్ళు మరిగాయి, కంపు వచ్చింది. స్టవ్వుదేమో అనుకున్నాను. కానీ నాది గ్యాసు స్టవ్వు. గిన్నె మార్చి ఇంకో ముక్క వేశాను. అదే కంపు. నోట్లో పెట్టుకుంటే నాలుక మీద జిడ్డు పేరుకుంది. మింగలేక ఊసేశాను.

తమ్ముడు ఐసు మూటతో వచ్చాడు. కోసిన చేపను చూడగానే వాడి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"దాన్నెందుకు కోశావక్కా?"

ఏమైందని అడగలేదు. ఈ కంపేమిటనీ అడగలేదు. ఏ చేపను కోశానన్నదే అడిగాడు.

"మరి దేన్ని కోయాలిరా?" అన్నాను.

వాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. సముద్రంలోకి పోవడం మానేసి చాలా కాలమైందట. యార్డు గోడ కిందే వల వేస్తున్నాడట. ఆ ఆయిలు నీళ్ళలో చేపలు మత్తెక్కినట్టు తిరుగుతుంటాయట, వల తగిలినా తప్పించుకునే ఓపిక ఉండదట. రోజూ సముద్రం పడవలవాళ్ళ దగ్గర ఒక్క మంచి చేప కొని, అన్నింటికీ పైన పెట్టి తెచ్చేవాడట.

"నీకు మాత్రం ఎప్పుడూ మంచిదే పెట్టానక్కా, ఒట్టు."

దానికి నేను సంతోషించాలన్నట్టు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటినే ఎరగా గుచ్చి ఇంతమందిని పట్టాడు. పరాయివాడు మోసం చేస్తే నోరారా తిట్టుకుంటాం. ఈ చేత్తో ముద్దలు కలిపి పెట్టినవాడు చేస్తే తిట్టడానికి నోరు కూడా పెగల్లేదు. గిన్నెలో మిగిలిన ముక్కను వాడి ముందుకు తోసి తినమన్నాను. వాడు చేయి చాపలేదు.

బుట్టెడు చేపలూ చెత్తకుండీలో పోశాను. ఎవరూ కొనకండని చుట్టూ ఉన్నవాళ్ళకు నేనే చెప్పాను, ఎందుకో కూడా దాచకుండా చెప్పాను. రొయ్యల ముసలాయన ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

టైలరమ్మ ఇంకా అక్కడే ఉంది. నాకు తెలియదమ్మా, నీ కూతురు తినేదే నేనూ తింటున్నాననుకున్నాను అన్నాను. ఆమె నా ముఖం చూడలేదు. నన్ను దాటి వెళ్ళి వాడి ఎదురుగా నిలబడింది.

"నువ్వు చెప్పు నాయనా. ఇన్నాళ్ళూ నేను తీసుకెళ్ళినవన్నీ అక్కడివేనా?"

వాడు తలూపాడు. వాణ్ణి ఆమె నమ్మింది.