నాకేదారు అప్పయ్య సన్నబడిన వైనం

ఉసూరు అనే ఊరి నాకాలో అప్పయ్య చేసే కొలువుకు కాళ్లతో పనిలేదు. నాకా అంటే అడవి సరుకు వచ్చే దారికి ఒక అడ్డకర్ర, పక్కన ఒక మంచం. బండి వస్తే మంచం మీంచే చెయ్యి ఊపేవాడు, బంట్రోతు కర్ర ఎత్తేవాడు. రాజుగారి బస్తరు రాజ్యంలో ఇంత సుఖం ఇంకే నౌకరీలోనూ లేదు. ఆ సుఖమంతా పొట్టకే పట్టింది.

అలాంటివాడికి జగదల్‌పూరు నుంచి కబురొచ్చింది. కొత్త రేంజరు సాహెబు తనిఖీకి వస్తున్నాడట, నాకేదారును వెంట గుట్ట ఎక్కిస్తాడట. ఎక్కలేకపోతే ఉసూరు నాకా ఎక్కగలిగినవాడికి పోతుందట.

“రాత్రి రెండోమాటు అన్నం మానెయ్. పొద్దున్నే వాగుదాకా నడిచిరా,” అంది భార్య భద్రమ్మ.

“నడిచెటోళ్లంతా బండి లేక నడుస్తున్నరే. నాకేంది ఆ కర్మ?”

సంతలో ఉప్పు ఇచ్చి చింతపండు కొనే రాఘవులు దగ్గర మందు కూడా దొరికింది.

“కాశీ చూర్ణం, నాకేదారుగారూ! తిండి మానొద్దు, నడవొద్దు. కొవ్వు దానంతటదే కరుగుతది. నమ్మకముంటలేదా? ఇయ్యాల తూగండి, మళ్లా సంతకు తూగండి.”

సంతలో తూకాలు సరిచూడడం అప్పయ్య బాధ్యతే. రాఘవులు దగ్గర రెండు రకాల రాళ్లున్నాయి. ఉప్పు ఇచ్చేటప్పుడు తేలికవి, చింతపండు తీసుకునేటప్పుడు బరువువి. అప్పయ్యకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే కాటా లేవగానే మొహం తిప్పి ఇప్పచెట్ల వైపు చూసేవాడు. ఆ చూపుకు సంత సంతకూ ఓ కుండ నెయ్యి ముట్టేది. ఆ నెయ్యే ఇప్పుడు కాటా పలకమీద కూర్చుంది. కూర్చున్నాక అలవాటు ఊరుకుంటుందా? మొహం ఇప్పచెట్ల వైపు తిరిగింది.

చూర్ణం మింగిన గంటకే కడుపు జాడించింది, గుండె దడదడలాడింది. “కొవ్వు కరుగుతున్నది చూడు!” అని మురిసిపోయాడు. మందు ఉంది కదా అని అన్నంలో ఇంకాస్త నెయ్యి వేయించుకున్నాడు. మళ్లీ సంతలో తూగితే నిజంగానే చాలా తగ్గాడు! బెల్టు మాత్రం చివరి బొక్కకూ అందలేదు. ఎండకు తోలు ముడుచుకుందని సర్దిచెప్పుకున్నాడు.

“ఏ రాళ్లతోని తూసిండు?” అడిగింది భద్రమ్మ.

“నేను చూడలే.”

“నువ్వెప్పుడు చూసినవు గనుక! ముందుసారి ఉప్పు రాళ్లు పెట్టిండు, ఇప్పుడు చింతపండు రాళ్లు. సంతలో ఆడోళ్లంతా చూసిన్రు, నవ్వలేక చస్తున్రు.”

అప్పయ్య రొప్పుతూ రాఘవులు కొట్టుకు పోయాడు. “నాకే దొంగతూకమారా?”

రాఘవులు వినయంగా చేతులు కట్టుకున్నాడు. “రేంజరు సాహెబుకు ఫిర్యాదు చెయ్యండి బాబూ. ఈ రాళ్లు ఎన్నడి నుంచి ఉన్నయని అడుగుతడు. నన్ను చెప్పమంటరా, మీరే చెప్తరా?”

అప్పయ్య ఆ సంత తాలూకు నెయ్యికుండ పట్టుకుని ఇంటికొచ్చాడు.

చూర్ణం పారేశాడు. ఒక పొద్దున వాగుదాకా నడిచాడు కూడా. కానీ పిక్కల్లో సత్తువంతా అప్పటికే చెంబు వెంట పోయింది. తనిఖీ నాడు గుట్ట మొదట్లోనే గుండె దడ పట్టుకుని రాయి మీద కూలబడ్డాడు.

“ఏమైంది?” పైనుంచి అడిగాడు సాహెబు.

“మందు వికటించింది, హుజూర్.”

“ఎవడిచ్చాడు? పేరు చెప్పు, వాడి కొట్టు సోదా చేయిస్తాను.”

అప్పయ్యకు ఆ కొట్టులోని రాళ్లు గుర్తొచ్చాయి. “కాదు హుజూర్, ఒంట్లో వాతం,” అన్నాడు.

ముందుగా గుట్టెక్కిన గార్డు సుక్రాంకు ఉసూరు నాకా దక్కింది. అప్పయ్యను కొలువులోంచి తియ్యలేదు. సాహెబు దయగలవాడు, వాతానికి గాలిమార్పు మంచిదన్నాడు. బండి దారి లేని లోపలి అడవి నాకాకు వేశాడు.

పెట్టెబేడా కావడిలో మోస్తున్న కూలి బుధ్రా ముందు నడిచాడు. భద్రమ్మ నెత్తిన బియ్యం మూటతో అతన్నీ దాటిపోయింది.

“ఇంకెంత దూరముందిరా, బుధ్రా?” వెనకనుంచి కేకేశాడు అప్పయ్య.

“ఇంకా ఊరే దాటలే, దొరా.”